దిబ్బ తేలిందా?

ఏలూరు వెళ్ళినవాళ్ళు తివాచీ తెచ్చుకుంటారు. నేను తొడల దాకా నల్ల బురద పట్టిన చీర తెచ్చుకున్నాను. ఎన్ని ఉతుకులు ఉతికినా దాని అంచుకు పట్టిన మరక వదల్లేదు. ప్రొద్దుటూరులో మా వీధివాళ్ళకు ఈ సంగతి ఇప్పటికే సగం తెలుసు. మిగతా సగం వాళ్ళు సొంతంగా అల్లుకోకముందే నేనే రాసేయడం మంచిదనిపించింది.

నాకు చావంటే ఇష్టం లేదు, సమాధులంటే ఇష్టం. ఈ రెండూ ఒకటి కాదని మా ఆయనకు ఎప్పటినుంచో చెబుతున్నాను. ఆయన బట్టల కొట్టులో మీటర్లు కొలుస్తూ తలూపుతారు, అంతే. మా వైశ్యుల ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. మా నాన్న పాడె వీధి మలుపు తిరిగేదాకా చూసి, అక్కడితో ఆగి, ఇంట్లోకి వచ్చి తలకు పోసుకున్నాం. ఆ మలుపు తర్వాత ఏముంటుందని మా అన్నను అడిగితే "ఏముంటుంది, ఏమీ ఉండదు" అన్నాడు. ఏమీ లేని చోటు ఆడవాళ్ళు చూడకూడనిది ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. పిల్లల పెళ్ళిళ్ళయి చేతులు ఖాళీ అయ్యాక తిరగడం మొదలుపెట్టాను. బళ్ళారిలో దొరల గోరీలు, గంగావతి దగ్గర కొండమీద రాక్షస గుళ్ళనే ఆదికాలపు రాతి సమాధులు, కడపలో దర్గాలు చూశాను. ఎక్కడా నాకు దయ్యం కనబడలేదు. కాపలావాళ్ళే నన్ను చూసి జడుసుకున్నారు.

ఈ కార్తీకంలో ఏలూరు బయలుదేరాను. రైలెక్కాక మా ఆయన ఫోన్ చేసి, "ఏందే, ఆడికి పోయినా గోరీలేనా? పూతరేకులన్నా తీసకరా" అన్నారు. తెస్తానన్నాను.

వట్లూరు

ఏలూరు శివారు వట్లూరులో రత్నకుమారి ఇంట్లో దిగాను. వాళ్ళాయన కరెంటాఫీసు ఉద్యోగంలో ప్రొద్దుటూరు బదిలీ అయి వచ్చినప్పుడు మా మేడమీద అద్దెకుండేవాళ్ళు. అప్పటినుంచీ నన్ను అక్కయ్యగారూ అంటుంది. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ తగిలిస్తుంది. మా సీమలో ఎవరైనా ఇన్ని అండీలు వాడితే అప్పు అడగబోతున్నారనుకుంటాం.

ఎప్పుడూ నవ్వే మనిషి, ఈసారి స్టేషనుకు ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చింది. ఇంటికెళ్ళి కాఫీ తాగుతుండగా అది మోగింది. రత్నం మొహం పాలిపోయింది. తీరా చూస్తే గ్యాసు బండ తెచ్చే అబ్బాయి. బండ దింపించుకుని వచ్చి నా పక్కన కూలబడింది.

"మా అత్తగారికి బాలేదండీ. జ్వరం తగ్గింది కానీ నిద్ర లేదు. పట్టక కాదండీ, ఆవిడే నిద్రపోవట్లేదు."

"అదేంటి?"

"దిబ్బ తేలేదాకా కన్ను మూయనని కూర్చుందండీ."

వాళ్ళ అత్తగారి పేరు వీరమ్మ. ఎనభై దాటిన మనిషి. కొల్లేట్లో ఒక లంకలో చిన్న కొడుకు సత్యం దగ్గర ఉంటుంది. ఆ ఊరి పేరు రాయొద్దన్నారు కాబట్టి లంక అనే అంటాను. వాళ్ళది పూడ్చే ఆనవాయితీ. ఊరి శ్మశానం సరస్సు మధ్యలో ఒక మట్టిదిబ్బ. వానలు మొదలైతే అది మునిగిపోతుంది. నీరంతా ఉప్పుటేరు మీదుగా సముద్రానికి లాగేశాక, కార్తీకం వెళ్ళబోయే వేళకు మళ్ళీ తేలుతుంది. ఈలోగా ఎవరైనా పోతే దోనెలో వేసుకుని, రోడ్డు పక్కన వేరే ఊరి గట్టు మీద పూడ్చి రావలసిందే. వీరమ్మగారి తోడికోడలు అలాగే పోయిందట. "మా అక్క పరాయి గట్టు మీద పడుంది" అని ఈవిడ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుందట. మామగారు మాత్రం ఎండాకాలంలో పోయి దిబ్బ మీదే ఉన్నారు.

"నిద్రపోతే ఆ నిద్రలోనే పోతానేమోనని ఆవిడ భయమండీ. గోడకి ఆనుకుని కూర్చుంటుంది. కునుకు పడితే ఉలిక్కిపడి లేచి, 'దిబ్బ తేలిందా?' అంటుంది. నిద్రపోకపోతే మనిషి దక్కదని డాక్టరుగారు చెప్పేశారు. నిద్రపోతే పోతానని ఈవిడ. ఏం చెయ్యమంటారు చెప్పండి?"

"తేలిందని చెప్పేస్తే పోలా?"

"మా మరిది చెప్పాడండీ. 'ఏదీ, నీ కాళ్ళు చూపించు' అందట. దిబ్బ ఎక్కినవాడి కాళ్ళకి మోకాలు దాకా నల్ల బురద ఉండాలి కదండీ. అతని కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అంతే, ఆనాటినుంచి ఇంట్లో మగాళ్ళెవరి మాటా నమ్మదు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. సమాధులు చూడ్డానికి సంచి సర్దుకుని వచ్చినదాన్ని, సమాధి కోసం నిద్ర మానుకున్న మనిషి ఇంటికి అతిథిగా వచ్చాను. తిరిగి వెళ్ళిపోతానంటే రత్నం ఒప్పుకోలేదు. "మీరుంటే నాకు కాస్త ధైర్యమండీ" అంది.

దొరసాని మీద వడియాలు

మర్నాడు ఇద్దరం ఏలూరులోకి వెళ్ళాం. ముందు టిఫిను. అరవై రూపాయలకు ఉప్మా పెసరట్టు పెట్టాడు, పళ్ళెం దాటి వేలాడుతోంది. అల్లం పచ్చడిలో బెల్లం వేశారు. కారం దోశ తిని పెరిగిన నోటికి అది మిఠాయిలా తగిలింది. ఇంకొంచెం కారం పొడి అడిగితే సర్వరు, "ఎందుకండీ పాపం, కడుపు మండుద్దండీ" అని బుజ్జగించాడు. తీసుకురానే లేదు.

ఒక పాత చర్చి వెనక దొరల సమాధులున్నాయని విని వెళ్ళాం. ప్రహరీ లోపల గడ్డి ఏపుగా పెరిగింది. చాలా పలకల మీద అక్షరాలు అరిగిపోయాయి. అన్నిటికంటే పెద్ద పలక మీద తెల్లటి బట్ట పరిచి, దాని మీద గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. పక్కన గొడుగు నీడలో కాపలాదారు భార్య కాకుల్ని తోలుతూ కూర్చుంది.

"ఇక్కడెవరమ్మా ఉన్నది?" అన్నాను పలక చూపిస్తూ.

"దొరసానిగారండీ. పురిట్లో పోయిందంటారు. ఊళ్ళో ఇంత ఎండ పట్టే రాయి ఇంకోటి లేదండీ."

"ఆవిడేమీ అనదా?"

"ఎందుకంటదండీ? ముందు పలక కడిగి, దండం పెట్టుకునే పరుస్తాను. క్రిస్మస్సుకి పూలు పెట్టేది కూడా నేనే. పలకరించేవాళ్ళు లేరు కదండీ ఆవిడకి."

మా వైపు ఇలా చేస్తే ఆ వడియాలు కుక్క కూడా ముట్టదు. నేను ఒకటి పచ్చిదే నోట్లో వేసుకున్నాను. రత్నం, "అయ్యో, మైలండీ!" అని నా చెయ్యి పట్టుకోబోయింది, అంతలో ఫోన్ మోగింది. సత్యం. అత్తగారు నాలుగు గుటకలు పాలు తాగారట, కళ్ళు మాత్రం మూయలేదట. రత్నం ఆ పలక అంచు మీదే కూర్చుని, మైల సంగతి మరిచిపోయి, కళ్ళు ఒత్తుకుంది.

గుంటుపల్లి కొండ

గుంటుపల్లికి నేనొక్కదాన్నే కారు మాట్లాడుకుని వెళ్ళాను. కామవరపుకోట దారంతా పామాయిల్ తోటలు, వాటి మధ్య రోడ్డు చల్లగా ఉంది. దారిలో బుట్ట సీతాఫలాలు నూట యాభై అన్నారు. బేరం ఆడాను. నూట యాభైకే ఇచ్చి, మీరు బాగా మాట్లాడతారని మరో రెండు పళ్ళు వేశారు.

కొండమీద బౌద్ధుల కాలం నాటి గుహలు, వాటి పైన వరుసగా స్తూపాలు. చిన్నవి, పెద్దవి, బోర్లించిన గిన్నెల్లా కొండంతా పరుచుకుని ఉన్నాయి. భిక్షువుల ఎముకలూ బూడిదా దాచిన చోట్లంటారు. గాలి తప్ప చప్పుడు లేదు. నాకు శ్మశానాల్లో దొరికే ప్రశాంతత అక్కడ పుష్కలంగా దొరికింది, కానీ అనుభవించలేకపోయాను. ఏ స్తూపం ముందు నిలబడ్డా, గోడకు ఆనుకుని కళ్ళు తెరుచుకుని కూర్చున్న ముసలావిడే గుర్తొచ్చింది. ఆవిడను నేనింకా చూడనే లేదు.

రాతిలో తొలిచిన గుండ్రటి గుహలో కూడా ఒక స్తూపం ఉంది. దాన్ని ఊళ్ళోవాళ్ళు ధర్మలింగేశ్వరుడంటారు. ఒక నడివయసు ఆవిడ దాని ముందు ఉసిరికాయ దీపం పెడుతోంది. నా నోరు ఊరుకోదు కదా, "ఇది శివలింగం కాదమ్మా, సమాధి లాంటిది" అన్నాను.

"అలాగాండీ?" అంది ఆవిడ, ఒత్తి ఎగదోస్తూ. "ఎవరిదైనా దీపం వద్దనరు కదండీ. మీరూ ఒకటి పెట్టండి, నూనె ఉంది."

పెట్టాను. ఏం కోరుకోవాలో తెలియక, వీరమ్మగారికి ఒక రాత్రి నిద్ర ఇమ్మని అడిగాను. అడిగింది శివుణ్ణో బుద్ధుణ్ణో నాకూ తెలియదు.

గూడెంలో రాముడు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఒక ఎద్దు సమాధి ఉందని రైల్లో ఎవరో చెప్పారు. నల్లజర్ల మీదుగా అక్కడికి చేరాను. వాసన పట్టుకుని నడిస్తే చాలు, మార్కెట్టు అదే వస్తుంది. గోడౌను పెరట్లో సిమెంటు గద్దె, దాని మీద పసుపు, కుంకుమ, రెండు ఇత్తడి కొమ్ముల తొడుగులు.

గోడౌను షావుకారు నన్ను చూసి, ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. "మీ గోత్రమేదండీ?" అన్నాడు. మా కోమట్లలో ముందు గోత్రం తేలాలి, తర్వాతే పేరు. ఆయనదీ మా పుట్టింటిదీ ఒకే గోత్రమని తేలగానే నేను ఆడపడుచునైపోయాను, భోజనం చేయకుండా కదలనివ్వం అన్నారు.

"రాముడంటే మా తాతగారి ఎద్దండీ" అన్నాడు వడ్డిస్తుండగా. "ఈ కొట్టు నిలబడిందంటే దాని మెడ మీదే. ఉప్పూ పసుపూ పోసి, కూర్చున్నట్టే పూడ్చారంట. ఇప్పుడు లారీ తిరగడానికి చోటు చాలడం లేదు. డ్రైవర్లు రోజూ తిడతారండీ."

"మరి తీసేయొచ్చు కదా?"

"ఎలా తీస్తామండీ? మన కోసం పనిచేసినవాణ్ణి మన చోట్లో ఉంచకపోతే ఎక్కడ ఉంచుతాం?"

ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నాను, రత్నం ఫోన్. ఎంగిలి చేత్తోనే అందుకున్నాను.

"అక్కయ్యగారండీ, ఆవిడ ఉన్నారండీ, కంగారు పడకండి. మిమ్మల్ని రమ్మంటున్నారండీ."

"నన్నా? ఎందుకు?"

"నేను పొద్దున్నే లంకకి వచ్చేశానండీ, మాటల్లో మీ సంగతి చెప్పాను. శ్మశానాలు తిరిగి చూసే ఆవిడ మా ఇంటికొచ్చిందని. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నవ్వారండీ. 'ఆడదా! నన్ను ఓదార్చాల్సిన అవసరం లేని ఆడదా! దాన్ని తీసుకురండి, దిబ్బ చూసొచ్చి చెప్తది' అంటున్నారు. వస్తారా అండీ?"

షావుకారు భార్య మొత్తం విని, తినకుండా లేస్తున్న నన్ను భుజం పట్టి కూర్చోబెట్టింది. "తినే వెళ్ళండి వదినగారూ. ఖాళీ కడుపుతో శ్మశానానికి వెళ్ళకూడదు" అంది. అలాంటి నియమం ఉందో, అప్పటికప్పుడు కల్పించిందో నాకు తెలియదు.

లంక

కొల్లేరు గురించి నేను ఊహించుకున్నది నీలంగా మెరిసే సరస్సు. చూసింది ఆకుపచ్చ మైదానం. గుర్రపుడెక్క కనుచూపు మేర పరుచుకుని, ఊదా పూలు పూసి ఉంది. దాని మధ్య కాలవ చీలికలు, చేపల చెరువుల గట్లు, ఎగిరి వాలే కొంగలు. నీళ్ళు చూడాలంటే వెతుక్కోవాలి. చుక్క నీటికోసం మొహం వాచిన మా ఊరివాళ్ళకు చెబితే నమ్మరు.

వీరమ్మగారు అరుగు మీద, గోడకు మూడు దిండ్లు ఆనించుకుని కూర్చుని ఉన్నారు. చిన్న మనిషి. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, కానీ చూపు సూదిలా ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏమ్మా, నిజంగానే తిరుగుతావా?" అన్నారు.

"తిరుగుతానండీ."

"మీ ఆయన ఏమీ అనడా?"

"అంటారండీ. నేను వినను."

"బాగుంది" అన్నారు తృప్తిగా. అరుగు మూలకు చెయ్యి చూపించారు. అక్కడ నున్నగా అరిగిన ఒక పొత్రం ఉంది. రత్నం చెప్పింది. ఈ లంకల్లో రాయన్నది పుట్టదు. రోలైనా తిరగలైనా బయటినుంచి దోనెలో తెచ్చుకున్నదే. అందుకని ఇంటి యజమాని పోతే ఆ ఇంటి రుబ్బురోలే తలాపున పెడతారు. పొత్రం ఇంట్లోనే ఉంటుంది. భార్య పోయినప్పుడు ఆమెను పక్కన పూడ్చి, పొత్రం తీసుకెళ్ళి ఆ రోట్లో నిలబెడతారు. తోడికోడలి పొత్రం పరాయి గట్టు మీద ఉంది. ఆవిడ భర్త రోలు దిబ్బ మీద ఖాళీగా ఉంది.

"మా బావగారి రోలు అలా వట్టిగా నోరు తెరుచుకుని ఉందంట. నాకు ఆ గతి వద్దమ్మా" అన్నారు వీరమ్మగారు. "ఈ ఊళ్ళో ఆడాళ్ళు దిబ్బ ఎక్కరు. మగాళ్ళు చెప్పిందే మాకు నిజం. ఆళ్ళు నా మీద ప్రేమకొద్దీ అబద్ధాలాడతన్నారు. నువ్వెవరివో, నేనెవరినో. నీకు ఆ ఖర్మ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

సరేనన్నాను.

దిబ్బ

ఆ పూటకి పొద్దుపోయింది, మర్నాడు పొద్దున్నే సత్యం దోనె తీశాడు. తాటి మొద్దులు తొలిచి జతచేసిన పడవ అది. కూర్చుంటే నీళ్ళు నడుము పక్కనే ఉంటాయి. గెడ వేస్తూ, ఊరు కనుమరుగయ్యాక, మెల్లిగా అన్నాడు.

"అక్కయ్యగారండీ, ఓ మాట. అక్కడ ఎలా ఉన్నా, తేలిందనే చెప్పండి. మీ కాళ్ళకి బురద నేను పూస్తాను."

"మీరు కనిపెట్టింది ఆవిడ కనిపెట్టరా?"

"కనిపెడితే ఇంకో రెండ్రోజులు కూచుంటదండీ. అంతకి మించి కూచోలేదు." గెడ ఒక్క క్షణం ఆపాడు. "మా అమ్మండీ."

ఉన్నది ఉన్నట్టు చెబుతానని ఆవిడకు మాటిచ్చాను. మునిగే ఉందని చెబితే, ఆ మాట నా నోటినుంచి విన్న రాత్రే ఆవిడకేమన్నా అయితే? జీవితంలో మొదటిసారి, ఒక శ్మశానానికి వెళుతూ వెనక్కి తిరిగిపోదామనిపించింది.

"అదేనండీ దిబ్బ" అని సత్యం దోనె ఆపాడు. ఎదురుగా గుర్రపుడెక్క. మిగతా కొల్లేరు ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది, నాలుగు వెదురు గెడలు పాతి ఉండడం తప్ప. వాటికి కట్టిన గుడ్డ పీలికలు గాలికి ఆడుతున్నాయి. కొంగలు కూడా ఆ వైపు వాలలేదు.

"చూశారుగా. ఇంకా మునిగే ఉంది" అన్నాడు.

"దిగి చూశావా నాయనా?"

"దిగకూడదండీ. దిబ్బ మీద పని లేకుండా దిగితే పని కల్పించుకున్నట్టేనండీ. ఎవరైనా పోతేనే దిగుతాం. గెడ కూడా తగలనియ్యం, మా ఆడాళ్ళకి ఈ సంగతి తెలీదండీ. నేనే కాదండీ, ఊళ్ళో ఎవ్వరూ దిగరు."

అప్పుడు నాకు తట్టింది. నీళ్ళు పెరిగినప్పుడు తేలుతూ దిబ్బ మీదికి వచ్చిన గుర్రపుడెక్క, నీళ్ళు తగ్గాక ఎక్కడికి పోతుంది? దిబ్బ మీదే కూర్చుంటుంది. దూరంనుంచి చూస్తే నీటి మీద డెక్కకూ నేల మీద డెక్కకూ తేడా ఏముంది? ఇన్నాళ్ళూ వీళ్ళు దోనెలోంచే చూసి మునిగి ఉందనుకుంటున్నారేమో.

"నేను దిగుతాను" అన్నాను.

"వద్దండీ!"

"మీ ఊరి కట్టుబాటు మీకు. నేనిక్కడ పని కల్పించుకున్నా, కాల్చడానికి మా ఊళ్ళో చోటుంది" అని చీర ఎగదోపి కాలు పెట్టాను.

పచ్చగా, గట్టిగా కనబడిన నేల నా కాలికింద మెత్తగా కుంగింది. తొడల దాకా దిగిపోయాను. కింద చల్లటి నల్ల బురద బుడగలు విడుస్తూ నా కాళ్ళు పట్టుకుంది. అరిచానో లేదో గుర్తులేదు. దోనె అంచు పట్టుకుని ఒక కాలు లాగి, కాస్త ముందుకు వేశాను. అక్కడ కుంగలేదు. ఇంకో అడుగు వేశాను. గట్టి నేల. మడమ కింద నేల! చేత్తో గుర్రపుడెక్కను పీకి పక్కకు విసిరాను. దాని కింద నల్లటి తడి మట్టి, నీటి మట్టానికి జానెడు ఎత్తున ఉంది.

"తేలింది!" అని కేక వేశాను. "సత్యం, తేలింది! ఇది నేల!"

అతను దోనెలో నిలబడి రెండు చేతులూ జోడించాడు. దిగలేదు. గెడ ఎత్తి దూరంనుంచే చూపించాడు. "ఆ మూడో వెదురు దగ్గరండీ, నాన్నగారిది."

పీకుతూ పాకుతూ వెళ్ళాను. డెక్క కింద ఒక్కొక్కటే బయటపడ్డాయి, రోళ్ళు. కొన్నిటిలో పొత్రాలు నిలబడి ఉన్నాయి. కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఎవరో ఆడవాళ్ళు పప్పు నానబోసి ఇప్పుడే లోపలికి వెళ్ళినట్టుంది. ఎన్నో శ్మశానాలు చూశాను కానీ, వంటిల్లులా ఉన్నదాన్ని ఎన్నడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు.

వీరమ్మగారి రోలు దొరికింది. గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఆ నీళ్ళలో వేలెడంత చేపపిల్ల తిరుగుతోంది. దాన్ని దోసిట్లోకి తీసి, కాలవలో వదిలాను.

అరుగు

శ్మశానంనుంచి వచ్చినవాళ్ళు ఎక్కడైనా స్నానం చేసే ఇంట్లో అడుగుపెట్టాలి. మా ఊళ్ళోనూ అంతే, ఇక్కడా అంతే. రత్నం పెరటి దారిలో బిందెడు వేణ్ణీళ్ళతో ఎదురొచ్చింది. అరుగు మీదినుంచి కేక వినబడింది.

"కడగొద్దు! ముందు నాకు చూపించండి!"

"మైలండీ అత్తయ్యగారూ" అంది రత్నం.

"నేనిప్పుడు మైలకి భయపడే వయసులో ఉన్నానా? రానియ్యి."

అరుగు ముందు వాకిట్లో నిలబడ్డాను. వీరమ్మగారు ముందుకు వంగి నా కాళ్ళు చూశారు. వేలితో బురద గీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశారు.

"కొల్లేరంతా బురదేగా" అన్నారు. "రోలు చూశావా?"

"చూశానండీ."

"ఎలా ఉంది?"

"అంచు ఒకచోట విరిగి ఉందండీ. నాలుగు వేళ్ళు పట్టేంత."

సత్యం నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆ సంగతి అతను నాకు చెప్పలేదు. అతనికి గుర్తుందో లేదో కూడా తెలియదు. వీరమ్మగారి మొహం మీద ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి.

"నేనే విరక్కొట్టాను" అన్నారు. "ఆయన మీద కోపంతో పొత్రం ఎత్తేశా. ఇంకా ఏం చూశావు?"

"రోట్లో నీళ్ళున్నాయండీ. అందులో చేపపిల్ల ఉంది."

"ఏం చేప?"

"మాకు చేపల పేర్లు తెలియవండీ, మేము తినం. ఒంటిమీద నల్ల చారలున్నాయి."

"కొరమీను" అన్నారు. "ఆయనకి కొరమీనంటే ప్రాణం. వదిలేశావా?"

"వదిలేశానండీ."

"మంచిపని చేశావు. ఆయన పక్కన చోటుందా?"

"ఉందండీ. ఇద్దరు పట్టేంత ఉంది."

"ఇద్దరికెందుకు? ఇంకొకత్తొస్తే నేనూరుకోను" అన్నారు. రత్నం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

వీరమ్మగారు వెనకనున్న దిండ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పడేశారు. ఒకటి మాత్రం తల కింద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, చేతులు పొట్టమీద పెట్టుకున్నారు. మేమందరం చూస్తుండగానే కళ్ళు మూసుకున్నారు.

నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ అలాగే ఉన్నారు. రత్నం నాకు కందా బచ్చలి కూర వడ్డించింది. అంత కమ్మటి కూర నేను ఆ ప్రయాణంలో తినలేదు. తింటున్నంతసేపూ అందరి చూపూ అరుగు మీదే. భోజనాలయ్యాయి. ఎండ అరుగు దిగి వాకిట్లోకి జరిగింది. ఆవిడ కదల్లేదు. గురక లేదు, మూలుగు లేదు. ఎగిరొచ్చిన ఈగ నుదుటి మీద వాలి, నిమ్మళంగా నడిచింది. దాన్ని తోలడానికి కూడా ఆ చెయ్యి లేవలేదు.

రత్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిద్రపోతే పోతానని ఆవిడ ఎన్ని రోజులుగానో చెబుతూనే ఉన్నారు. నిద్రపుచ్చింది నేను.

సత్యం చప్పుడు చేయకుండా అరుగెక్కాడు. వంగి, వేలు తల్లి ముక్కు దగ్గర పెట్టాడు. అతను వేలు అక్కడే ఉంచి మావైపు తిరిగాడు. ఏమీ తెలియడం లేదన్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు.

కళ్ళు తెరవకుండానే వీరమ్మగారు అతని చేతిమీద ఒక్కటి వేశారు.

"తియ్యరా చెయ్యి. దిబ్బ తేలిందిగా, ఇంక తొందరేముంది?" అని, గోడవైపు తిరిగి పడుకున్నారు.